తుడిచిన అద్దం

పరిశోధనశాలలో అందరూ అతన్ని డాబాయన అంటారు. నాలుగేళ్ళుగా అతని ఉద్యోగమంతా డాబా మీదే. అక్కడో పెట్టె ఉంది. పైన అద్దం, దాని కింద సోలార్ పలక, పలక వెనక వేడిని కరెంటుగా మార్చే పట్టీ, అన్నిటికీ అడుగున నీళ్ళ గొట్టాలు. పలక వేడెక్కితే కరెంటు తగ్గుతుంది కాబట్టి ఆ వేడిని లాగి నీళ్ళు కాచుకోవడం ఇందులో కిటుకు. వంద పాళ్ళ ఎండ పడితే పదహారు కరెంటుగా, నలభై వేడినీళ్ళుగా చేతికొస్తాయి. పట్టీ ఇచ్చేది మాత్రం ఒక్క పాలే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పావుగంటకోసారి ఈ అంకెలు పుస్తకంలో ఎక్కించడమే అతని పని.

ఎనిమిది నెలల కిందట భార్య పోయింది. నాలుగో రోజుకే పనిలోకి వచ్చేశాడు. "గుండె కాదు, బండ" అని చాటున అనుకున్నారు. అన్నవాళ్ళదేం పోయింది? ఏడవకూడదని అతనేం పట్టుబట్టలేదు. లోపల ఏదీ తగలడం లేదు, అంతే. తిన్నది ఏమిటో తెలియదు. పొద్దున్నే మెత్తటి గుడ్డతో పెట్టె అద్దం తుడిచే పది నిమిషాలు మాత్రం తన చేతులు తనవేనని తెలిసేది.

ఈలోగా అలాంటి పెట్టెలే ముప్పై ఇళ్ళ మీద బిగించారు. బిగించినవాడు అతని బావమరిది, పోయినామెకు తమ్ముడు. ఒకరోజు పొద్దున్నే మెట్లెక్కి వచ్చాడు.

"బావా, సోమవారం నుంచి నన్ను రావద్దన్నారు. ఇళ్ళ మీద కరెంటు పదమూడు దాటట్లేదు. డాబా మీద పదహారొస్తోంది కాబట్టి తప్పంతా నా బిగింపుదేనంటోంది మేడం. అక్క ఉంటే వచ్చి దెబ్బలాడేది."

డాబాయన తుడుస్తూనే ఉన్నాడు. బావమరిది ఆ గుడ్డ వంక చూశాడు.

"రోజూ తుడుస్తావా?"

"దుమ్ము కదరా."

"ఇళ్ళల్లో రోజూ పైకెక్కి ఎవరు తుడుస్తారు బావా?"

డాబాయన చెయ్యి ఆగిపోయింది. నాలుగేళ్ళ పుస్తకాలన్నీ తుడిచిన అద్దం లెక్కలే! చెబితే ఉన్న ఆ పది నిమిషాలూ పోతాయి. చెప్పకపోతే ఆమె తమ్ముడి పొట్ట కొట్టినట్టే. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని కిందికి దిగి, పరిశోధనశాల నడిపే మేడం గదికి వెళ్ళాడు.

మేడం అంతా విని కళ్ళజోడు తీసేసింది. "నాలుగేళ్ళలో నేను ఒక్క పొద్దున పైకొచ్చి చూడలేదు. బుద్ధి లేనిది నాకే. మీ బావమరిదికి పని మానొద్దని చెప్పండి. మీరు మాత్రం రేపటి నుంచి అద్దం ముట్టుకోవద్దు. దుమ్ము ఉన్నది ఉన్నట్టే రాయండి."

రాశాడు. పదహారు పదిహేనైంది, పది రోజులకు పద్నాలుగైంది. పొద్దున పూట చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక జేబులో పెట్టుకునేవాడు. అక్కడ గుడ్డ తగిలేది.

పదకొండో రోజు సాయంత్రం ఇంటికెళ్ళి లైటు వేశాడు. గోడ మీద భార్య ఫొటో. పైనున్న అద్దానికి దుమ్ము పట్టి మొహం మసకబారింది. ఎనిమిది నెలలు పెట్టె అద్దాన్ని రోజూ తుడిచినవాడు దీన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు.

జేబులోంచి గుడ్డ తీశాడు. నుదురు తేలింది, కళ్ళు తేలాయి, ఒక పక్కకు వంగే ఆ నవ్వు తేలింది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. రాలేదు. శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ మొదటి నుంచీ తుడవడం మొదలుపెట్టాడు.