నాంచారమ్మ వెనక నడిచిన రోజులు

ఆదివారం ఉదయం తెనాలిలో మా వంటింటి సింకు దగ్గర నిలబడి నెత్తళ్లు కడుగుతున్నాను. రాళ్ళుప్పు, పసుపు వేసి రుద్దేకొద్దీ సన్నటి పొలుసు వేళ్ళకి అంటుకుంటుంది, నీచువాసన మోచేతుల దాకా పాకుతుంది. మా అమ్మాయి హాల్లోనే ముక్కు మూసుకుని "తలుపెయ్యమ్మా, వాంతొస్తోంది" అంటుంది. దానికి పదేళ్ళు. ఈ వాసన దానికి పుట్టకముందు నుంచే తెలుసని చెబితే నమ్మదు. దాన్ని కడుపులో మోస్తూ, రేపల్లె వీధుల్లో ఒక చేపల తట్ట వెనక నేను రోజూ ఉదయం నడిచేదాన్ని. ఆ తట్ట నాంచారమ్మది.

నాంచారమ్మ నిజాంపట్నం వైపు పల్లె మనిషి. మొదటి బస్సుకి తట్టతో దిగి, ఎనిమిదింటికల్లా మా వీధిలోకి వచ్చేది. యాభై దాటిన మనిషి, పొడగరి, ముక్కుకి ఎర్రరాయి ముక్కుపుడక. ఆమె కేక వీధి మొదట్లో వినపడితే చివరింట్లో పిల్లులు లేచేవి. బేరమాడితే ఊరుకునేది కాదు. "సముద్రం మా బాబుగారిదా అమ్మా, ఊరికే ఇయ్యడానికి?" అనేది. చేపలు కొనడం తప్ప ఆమెతో నాకు వేరే పనేముంటుందని అనుకునేదాన్ని. నేను జంపని ఊళ్ళో రైతుల ఇంటి పిల్లని, మావారు రేపల్లెలో బ్యాంకు ఉద్యోగి. నా లెక్క అంతవరకే ఉండేది.

పెళ్ళయిన ఆరేళ్ళకి నిలిచిన కడుపు అది. అంతకు ముందు రెండు నిలవలేదు. బాపట్లలో మా అత్తగారు మొక్కని దేవుడు లేడు. ఆరో నెల చివర్లో డాక్టరమ్మ గారు గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి రక్తం తీయించారు. కాగితం చూసి, "గీత దాటిందమ్మా. కంగారుపడకు. రెండు వారాలు తిండి సరిచేసుకో, తిన్నాక నడువు. మళ్ళీ చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారు. ఆవిడ నెమ్మదిగానే చెప్పారు. నాకు మాత్రం మా నాన్న కాలు కనపడింది. నాన్నకి పుండు మానకపోతే మొదట కాలి వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆ తర్వాత మా ఇంట్లో షుగర్ అనే మాట ఎవరూ పలికేవాళ్ళం కాదు, "అది" అనేవాళ్ళం. ఇప్పుడు "అది" నాలోకి వచ్చిందని, ఈ బిడ్డ కూడా నాకు దక్కదని ఆ బెంచీ మీదే తేల్చేసుకున్నాను. మావారికి చెప్పాను. అమ్మకి చెప్పలేదు.

మర్నాడు చేపలు తీసుకోవడానికి గిన్నె చాపితే, నాంచారమ్మ చూపు నా మోచేతి మడత దగ్గర నల్లగా కమిలిన మచ్చ మీద పడింది.

"ఏంటమ్మాయ్ అది? సూదా?"

అమ్మకి చెప్పనిది, అత్తగారికి చెప్పనిది, గేటు దగ్గర నిలబడి చేపలామెకి మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆమె తట్ట దించలేదు, అయ్యో అనలేదు. అంతా విని, "నడవమన్నారా?" అని అడిగింది.

"అవును. తిన్నాక అరగంట."

"మరి గేటు పట్టుకుని నిలబడ్డావేం? నేను రోజూ నడిచేదేగా. చెప్పులేసుకో."

అలా మొదలైంది. ఉదయం రెండు ఇడ్లీలు, కాసిన్ని పెసలు తిని ఆమె వెనక బయల్దేరేదాన్ని. ఎండగా ఉన్న వైపు ఆమె నడిచి, నీడ వైపు నన్ను నడవమనేది. ఒక ఇంటి ముందు బేరం సాగుతుంటే నన్ను అరుగు మీద కూర్చోనిచ్చేది కాదు. "కూర్చుంటే లేవవు. అటూ ఇటూ తిరుగుతుండు" అనేది. మొదటివారం మావారు సిగ్గుతో చచ్చిపోయారు. బ్యాంకుకి వచ్చినవాళ్ళు "మీ మిసెస్ చేపలామెతో తిరుగుతున్నారేంటి సార్?" అని అడుగుతున్నారట. "మీరు నాతో నడుస్తారా మరి?" అన్నాను. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, తెనాలి వెళ్ళి వేలు గుచ్చి చూసుకునే చిన్న మిషను కొని తెచ్చారు. నాంచారమ్మ మాత్రం నా కంచం సంగతి రోజూ అడిగేది. అన్నం గుప్పెడు తగ్గించి ఆ చోట్లో కానాగంత చేప ముక్క పెట్టుకోమనేది. వారం తిరిగేసరికి ఆమెని "పిన్నీ" అని పిలుస్తున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు.

ఏడో నెల రాగానే అమ్మ జంపని నుంచి చలిమిడి తెచ్చింది. మా వైపు కడుపుతో ఉన్న కూతురికి తల్లి చలిమిడి తెచ్చి ఒడిలో పెట్టాలి, కూతురు తినాలి. కడుపు చలవ అంటారు. తడిబియ్యప్పిండి, బెల్లప్పాకం, నెయ్యి, కొబ్బరి ముక్కలు. పెద్ద స్టీలు డబ్బా నిండా ఉంది. ఆరేళ్ళుగా ఈ డబ్బా మోసే రోజు కోసం ఎదురుచూసిన అమ్మ, ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. నేను నోరు తెరవలేదు. "ఏంటే, నా చేతి ముద్ద చేదా?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర తట్టతో నాంచారమ్మ. ఒక్క చూపులో ఆమెకి సంగతి అర్థమైపోయింది.

"అమ్మగారూ, మా వైపు ముందు పదిమంది ముత్తయిదువులకి పంచినాకే పిల్ల తింటదండి. అట్టా చేస్తే బిడ్డకి మంచిదంట."

అలాంటి ఆచారం వాళ్ళ వైపూ లేదు, ఎవరి వైపూ లేదు. కానీ బిడ్డకి మంచిదంటే అమ్మ దేనికైనా సరే అంటుంది. నాంచారమ్మ ముందు తట్టతో, నేను వెనక డబ్బాతో ఇల్లిల్లూ తిరిగాం. ఆ రోజు చేపలు కొన్న ప్రతి ఇంటికీ చలిమిడి ముట్టింది, కొననివాళ్ళకీ ముట్టింది. వీధి చివర డబ్బా అడుగున కాస్త మిగిలితే మూత పెట్టబోయాను. "ఆగు. శనగగింజంత నోట్లో వేసుకో. మీ అమ్మ చెయ్యి అది" అంది. వేసుకున్నాను. ఖాళీ డబ్బా చూసి అమ్మ ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి నేను బుద్ధిగా ఉన్నానని మీరనుకోవచ్చు. లేదు. మిషనులో అంకె ఒక రోజు కిందికి, ఒక రోజు పైకి వచ్చేది. రెండో పరీక్ష దగ్గరపడేకొద్దీ నాకు ఇన్సులిన్ సూది తప్ప ఇంకేమీ కనపడలేదు. నాన్నకి సూదులు మొదలైన తర్వాతే కాలు పోయిందని నా బుర్రలో ఒక తప్పుడు లెక్క. అందుకని తినడం మానేశాను. ఉదయం ఒక గ్లాసు మజ్జిగ, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి ఆకలి లేదని అబద్ధం. మిషనులో అంకెలు ముత్యాల్లా వచ్చాయి. ఎంత గర్వపడ్డానో.

నాలుగో రోజు నడుస్తూ నడుస్తూ ఒక ఇంటి అరుగు పట్టుకుని కూలబడ్డాను. కళ్ళ ముందు అంతా తెల్లగా అయిపోయింది. నాంచారమ్మ తట్ట కింద పెట్టి నా తల ఒళ్ళోకి తీసుకుంది.

"పొద్దున ఏం తిన్నావు?"

"మజ్జిగ."

"నిన్న?"

ఆ ఇంటావిడ చేత ఇడ్లీలు తెప్పించి దగ్గరుండి తినిపించింది. మొదటిసారి ఆమె కోపం చూశాను. గొంతు పెంచలేదు. మామూలుగా వీధంతా వినపడే మనిషి, నాకొక్కదానికే వినపడేలా మాట్లాడింది.

"కాటా పళ్ళెం కింద వేలు పెట్టి తూచేవాళ్ళని చూశానమ్మాయ్. వాళ్ళు పరాయోళ్ళని మోసం చేత్తారు. నువ్వు కడుపులో ఉన్నదాన్నే చేత్తన్నావు."

చేపలన్నీ ఆ ఇంట్లో వదిలేసి, నా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ రోజు ఆమె బేరం ఏమైపోయిందో నేను అడగనేలేదు. వరసలో కూర్చున్నవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. లోపలికెళ్ళాక "చెప్పు" అంది. నేను నసుగుతుంటే "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. చెప్పాను. డాక్టరమ్మ గారు బరువు చూసి తల పట్టుకున్నారు. "తినకపోతే అంకె బాగానే వస్తుందమ్మా, బిడ్డే బాగుండదు" అన్నారు. మళ్ళీ కొన్నాళ్ళు కడుపు నిండా పద్ధతిగా తిని వచ్చి చేయించుకున్న పరీక్షలో అంకె గీత దాటింది. ఇన్సులిన్ రాశారు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అమ్మ చివరిదాకా వింది. తర్వాత, "నేను తెచ్చిన చలిమిడి తిన్నావా?" అని అడిగింది.

"శనగగింజంత."

"మంచిపని చేశావు" అంది. ఫోన్ పెట్టేశాక ఇద్దరం ఎవరి ఇంట్లో వాళ్ళం ఏడ్చి ఉంటాం. నా సంగతి మాత్రం ఖాయంగా చెప్పగలను.

సూది వేసుకోవడం నేనే నేర్చుకున్నాను. మావారు సూది చూస్తేనే బయటికి వెళ్ళిపోయేవారు. మొదట్లో నాంచారమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చూసేది. ఒక రోజు నేను మిషనుతో వేలు గుచ్చుకుంటుంటే చిన్నపిల్లలా చెయ్యి చాపింది. "ఏదీ, నాకూ ఒకసారి గుచ్చు, నా అంకె ఎంతో చూద్దాం." నవ్వుకుంటూనే గుచ్చాను. మూడు వందలు దాటింది. మళ్ళీ గుచ్చాను. అంతే వచ్చింది. "పిన్నీ, నీకు నాకంటే చాలా ఎక్కువుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి" అన్నాను. ఆమె చీర చెంగుతో వేలు తుడుచుకుని లేచింది. "చేపలు పట్టుకున్న చెయ్యి కదమ్మాయ్, ఆ మిషనుకి నీచు తగిలి పిచ్చెక్కింది. పోతాలే ఒకనాడు." నేను సరేనన్నాను. నాకు అప్పుడు ఎనిమిదో నెల. నా పొట్ట తప్ప లోకంలో ఇంకేదీ కనపడని రోజులు.

తెనాలి ఆసుపత్రిలో మా అమ్మాయి పుట్టింది. పుట్టగానే దాని మడమ గుచ్చి రక్తం చూశారు, బాగానే ఉంది. మూడు కిలోలకి కాస్త తక్కువ, గొంతు మాత్రం నాంచారమ్మంత. నాకు సూదులు ఆపేసి, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. బాలింతకి పాలు పడతాయని నాంచారమ్మ పాలసొర చేప తీసుకుని రైలెక్కి వచ్చింది. బిడ్డని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకుని, "వాసనొత్తాను" అంది. నేనే ఆమె ఒళ్ళో పడుకోబెట్టాను. ఆ తర్వాత మావారికి బాపట్ల బదిలీ అయింది, అక్కడి నుంచి తెనాలి. మొదట్లో ఫోన్లు, తర్వాత పండగలకి ఫోన్లు, తర్వాత అవీ లేవు.

మూడేళ్ళ క్రితం రేపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు అడిగితే, నాంచారమ్మ చేపలకి రావడం మానేసి చాలా రోజులైందన్నారు. అమ్మాయిని తీసుకుని వాళ్ళ పల్లెకి వెళ్ళాను. కొడుకు వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. లోపల మంచం మీద ఆమె. అంత పొడవాటి మనిషి అంత చిన్న మంచానికి సరిపోయింది. షుగర్ కళ్ళకి దిగిందని కొడుకు చెప్పాడు. నా గొంతు విని లేచి కూర్చుంది. అమ్మాయిని దగ్గరికి తీసుకుని బుగ్గలు, చెవులు, ముక్కు అన్నీ తడిమింది. తర్వాత నావైపు తిరిగి ముందుగా అడిగింది ఇది.

"నీకెట్టా ఉంది? ఏడాదికోసారి చూపించుకోమన్నారుగా, చూపించుకుంటన్నావా?"

"చూపించుకుంటున్నాను పిన్నీ. బాగానే ఉంది." తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, "ఆ రోజే నిన్ను తీసుకెళ్ళి ఉండాల్సింది" అన్నాను.

"నువ్వు చెప్పావుగా. నేనే ఇనలా."

తర్వాత నవ్వుతూనే అంది. "కానీ ఒక్కసారే చెప్పావమ్మాయ్. నేను నిన్ను అట్టా వదిలానా?"

అందులో నింద లేదు. ఉంటే బాగుండేది, క్షమించమని కాళ్ళ మీద పడేదాన్ని. తిరిగి వస్తుంటే బస్సులో అమ్మాయి "ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని అడిగింది. నన్నూ, దాన్నీ గట్టెక్కించిన మనిషికి ఒక వేలు గుచ్చి, ఒక మాట చెప్పి ఊరుకున్నాను. మరుసటి ఏడాది నాంచారమ్మ పోయింది. కొడుకు ఫోన్ చేశాడు. వెళ్ళాను.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే స్కూల్లో సుబ్బులు అనే ఆయమ్మ ఉంది. ఊరికే దాహమంటుంది, కాళ్ళు తిమ్మిర్లంటుంది. పరీక్ష చేయించుకోమంటే "రేపెళ్తానండి మేడం" అంది. రెండోసారీ అదే మాట. మూడోసారి అడగలేదు. ఉదయం ఏడింటికి పరగడుపునే వాళ్ళింటికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ల్యాబు బెంచీ మీద పక్కన కూర్చున్నాను. అంకె ఎక్కువే వచ్చింది. మందులు రాశారు. వేసుకుంటున్నావా అని రోజూ అడుగుతుంటే విసుక్కుంటోంది, నేను వరండాలో కనపడితే స్టోర్‌రూంలోకి తప్పుకుంటోంది. స్టోర్‌రూంకి తలుపు ఒకటే. నేను బయట నిలబడతాను.