మధ్యలో ఆగిన కూత

2023లో వానలు తగ్గాక జరిగిన సంగతి ఇది. చిక్కడపల్లిలో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో నేను అటెండర్‌ని. వేడి ప్యాక్‌లు కాచి తువ్వాలు చుట్టి ఇవ్వడం, దుప్పట్లు మార్చడం, పేషెంట్లను మంచం ఎక్కించి దించడం నా పని. వచ్చేవాళ్లలో సగం మంది అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గవర్నమెంటు ఉద్యోగాలకు చదివే పిల్లలు. మెడలు పట్టేసి వస్తారు. మిగిలినవాళ్లు మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు. నాకు చదవడం, రాయడం నలభై దాటాక వచ్చాయి. అంతకుముందు ఫైళ్లను అట్టల రంగును బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని.

ఆ ఏడు మా దగ్గరికి మౌనిక ఇంటర్న్‌గా వచ్చింది. ఫిజియోథెరపీ చదువు ఆఖర్లో పేషెంట్ల దగ్గర కొన్ని నెలలు పనిచేయాలి, దాన్నే ఇంటర్న్‌షిప్ అంటారు. ఆ పిల్ల వాళ్ల కాలేజీ కబడ్డీ టీంలో ఆడేది. తెల్లవారుజామునే నారాయణగూడ గ్రౌండులో ప్రాక్టీసు చేసి, మోచేతుల మీద మట్టి సరిగ్గా పోకముందే క్లినిక్‌కు వచ్చేది. ఆటగాళ్ల గాయాలకు వైద్యం చేసే స్పోర్ట్స్ ఫిజియో కావాలని ఆమె కోరిక. మా రాధిక మేడమ్‌కు ఆ పనిలో మంచి పేరుంది. మౌనిక పనితనం చూసి, తర్వాత కూడా ఇక్కడే ఉంచుకోవాలని మేడమ్‌కూ ఉండేది.

కానీ ఒకరోజు రాంనగర్ నుంచి వచ్చే నర్సింహ గారిని కాలు పదిసార్లు లేపమని చెప్పి, మౌనిక గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోయింది.

"డాక్టరమ్మా, పది ఎప్పుడో అయినయ్. ఇంక లేపాల్నా, ఇంటికి పోవాల్నా?" అన్నారాయన.

అందరం నవ్వాం. మేడమ్ నవ్వలేదు. "గ్రౌండా, క్లినిక్కా? ఏదో ఒకటి అనుకో మౌనిక. నెలాఖరుకు నాకు చెప్పు" అంది.

అటు టీం కెప్టెన్ సుస్మితదీ అదే మాట. వారంలో సగం రోజులే ప్రాక్టీసుకు వచ్చే మనిషిని ఎట్లా నమ్మాలని ఆమె బాధ. ఆ సాయంత్రం దుప్పట్లు మడతపెడుతూ మౌనికను అడిగాను, ఆట వదిలేస్తే ఏం పోతుందని.

"కబడ్డీ లేకుంటే నేను ఈ చదువుకే రాకపోదును అక్కా. ఇంటర్‌ల ఉన్నప్పుడు గ్రౌండుల నా భుజం జారింది. అందరు కలిసి పట్టి గుంజిండ్రు. ఏడాది దాక చెయ్యి లేవలే. గుంజొద్దని చెప్పేటోళ్లు ఒక్కరన్న లేకపాయె. ఆ ఒక్కరు నేనే కావాల్నని ఇందుల చేరిన."

నెలాఖరుకు ముందు వచ్చిన ఆదివారం కాలేజీల కబడ్డీ పోటీ ఫైనల్. విద్యానగర్ వైపు కాలేజీతో ఆట. మౌనిక రమ్మంటే ఐసు డబ్బా పట్టుకుని నేనూ వెళ్లాను. చివరికొచ్చేసరికి రెండు టీములకూ సమానంగా పాయింట్లు. మౌనిక కూతకు వెళ్లింది. కబడ్డీలో అవతలి వైపు వెళ్లినవాళ్లు మధ్య గీత దగ్గరికి తిరిగొచ్చే దాకా కూత ఆపకూడదు. ఆపితే ఔట్.

అవతలి టీంలోని అఖిల అనే అమ్మాయి మౌనిక కాలు పట్టింది. అఖిల మీద ఆమె టీం పిల్లే పడింది. ఆ బరువు కింద అఖిల మోకాలు పక్కకు తిరిగింది, పట్టు జారిపోయింది. మౌనిక చెయ్యి చాస్తే గీత అందేంత దూరంలో ఉంది. అప్పటికే వాళ్ల పిల్లలు ఇద్దరు అఖిల కాలు పట్టుకుని సాగదీయబోతున్నారు.

కూత ఆగింది.

"ఇడువుండ్రి. ఆ కాలు గుంజకుండ్రి" అని మౌనిక వెనక్కి తిరిగింది. నన్ను పిలిచి ఐసు తెప్పించింది. అఖిల మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, అంబులెన్సు వచ్చే దాకా అక్కడే కూర్చుంది.

కూత తెగింది కాబట్టి రెఫరీ పాయింటు వాళ్లకిచ్చాడు. ఆ ఒక్క పాయింటుతోనే మా వాళ్లు ఓడిపోయారు.

అఖిల మోకాలిలో లిగమెంటు, అంటే ఎముకలను పట్టి ఉంచే నరం లాంటి పట్టీ, కొంత తెగిందని ఎముకల డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేదు కానీ నెలల తరబడి కసరత్తు చేయాలన్నాడు. ఆ పిల్ల వెతుక్కుంటూ మా క్లినిక్‌కే వచ్చింది. ఆ సంగతి తెలిసి సుస్మిత, "కప్పు వాళ్లకిచ్చి పేషెంటును మనం తెచ్చుకున్నం. మంచి బేరం" అందట.

మేడమ్ మాత్రం మౌనికను ఒకే మాట అడిగింది. "కూత ఎందుకు ఆపినవ్?"

"లేకపోతే గుంజుతరు మేడమ్."

మేడమ్ అఖిల ఫైలు తీసి మౌనిక చేతిలో పెట్టింది.

వేసవి నాటికి అఖిల కాలికి బలం వచ్చింది. ఒంటికాలి మీద గెంతే పరీక్షలో కూడా నెగ్గింది. కానీ ఎవరి కాలైనా పట్టమంటే చెయ్యి ముందుకు వచ్చేది కాదు. మౌనిక క్లినిక్ నేల మీద సుద్దతో గీత గీసి, కూత పెడుతూ ఆమె ముందు తిరిగింది.

"పట్టు బిడ్డా, ఏం కాదు" అని నర్సింహ గారు మంచం మీద నుంచి చెప్తున్నారు. అఖిల వంగింది, ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేడమ్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఇది ఇక్కడ అయ్యే పని కాదు. గ్రౌండుకు తీస్కపో. పొద్దుగాల ఎట్లాగు పోతవ్ గదా" అంది. "ప్రాక్టీసు ఉన్న రోజు క్లినిక్‌కు జర ఆలస్యంగనే రా."

నెలాఖరు ప్రశ్న మేడమ్ మళ్లీ అడగలేదు.

తోడుగా నేనూ వెళ్లాను. సుస్మిత చేతులు కట్టుకుని చూసింది, కాసేపటికి తన వాళ్లను పక్కకు జరిపి సగం కోర్టు ఇచ్చింది. మౌనిక కూతకు వెళ్లింది. అఖిల రెండుసార్లు వెనక్కి తగ్గింది. మూడోసారి కిందికి వంగి, రెండు చేతులతో మౌనిక కాలు పట్టేసింది. మౌనిక బోర్లా పడి, గీత వైపు పాకబోయి నవ్వేసింది. కూత పోయింది.

"మల్ల ఆగింది దీని కూత" అంది సుస్మిత, వచ్చి ఇద్దరినీ లేపుతూ.

అంతవరకు నొప్పి ఎక్కడో తెలిస్తే చాలనుకునేదాన్ని. మనిషి ఏ పనికి తిరిగి పోవాలో కూడా తెలియాలని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు మౌనిక మా క్లినిక్‌లోనే ఉద్యోగం చేస్తోంది, సుస్మిత టీంతో ఆదివారాలు ఆడుతోంది. కొత్త పేషెంటు వస్తే, బాగయ్యాక మొదట ఏం చేయాలని ఉందో అడిగి ఫైలు మీద రాయడం నా పని. పాతవాళ్లనూ అడిగాను. నర్సింహ గారు సైకిలు మీద లోయర్ ట్యాంక్ బండ్ దాకా పోయి రావాలన్నారు. మరుసటి రోజే మౌనిక ఆయనను క్లినిక్‌లోని కసరత్తు సైకిలు ఎక్కించింది. ఇప్పుడు ఎన్నిసార్లు తొక్కాలని ఆయన అడగరు. ఇంట్లో పాత సైకిలుకు గాలి కొట్టించి పెట్టుకున్నారట.