వంగని నడుముతో బెల్లంపల్లికి

ఉదయం ఎనిమిదింటికి కరీంనగర్‌లో బస్సెక్కాను. పెద్దపల్లికి టికెట్టు రూపాయి పైచిలుకు. అక్కడ పదకొండింటి ప్యాసింజరు అందుకోవాలి. బెల్లంపల్లి గని కార్మికుల క్లబ్బులో జపాను పద్ధతి జూడో పోటీకి నన్ను పిలిచారు. మా గడి, దొరలుగా మేమేలిన కోటలాంటి ఇల్లు, పోయాక మా ఇంటిపేరు గౌరవంగా పలికినవారు లేరు. గెలిచి, పదిమంది నోట మళ్లీ పలికించాలనే బయలుదేరాను. ప్రత్యర్థి రాజం, మా గడిలో వెట్టి చేసిన ఎల్లయ్య కొడుకు.

రైలు గోదావరి వంతెన మీద ఉండగా, ఎదురుగా కూర్చున్న ఒక గని కార్మికుని భార్య జొన్నరొట్టె, ఉల్లిగడ్డ నా చేతిలో పెట్టి ఎక్కడికని అడిగింది. చెప్పాను.

“గా క్లబ్బుకా? డప్పు లేదు, ఈల లేదు. పీనుగింట్ల కూసున్నట్టే ఉంటదయ్యా! నవ్వొస్తె బయటికి పోయి నవ్వాల్నట.”

రెండింటికి దిగాను. నాలుగింటికి చాప ఎక్కాను. షిఫ్టు దిగి వచ్చిన నలభై మంది గోడ వెంట కూర్చున్నారు. ముఖాలు కడుక్కున్నా కనురెప్పల అంచుల్లో బొగ్గు మిగిలే ఉంది. ఎవరూ దగ్గలేదు.

ఆటకు ముందు ఇద్దరూ ఒకరికొకరు నడుము వంచి మొక్కాలి. రాజం వంగాడు. హైదరాబాదులో నేర్చుకున్నప్పుడు చేసినట్టే నేను తల మాత్రం ఊపాను. అక్కడ గురువు చూసీచూడనట్టు వదిలేసేవాడు.

ఇక్కడి రెఫరీ మాజీ సైనికుడు. “నడుము వంగాలె. పావుగంట చూస్త. లేకుంటె ఓడినట్టు రాస్త,” అన్నాడు.

ఎదుటివాడు వంగేదాకా లేవకూడదు; రాజం వంగే ఉన్నాడు. గోడ గడియారం తప్ప చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నేనెరిగినదే. చిన్నప్పుడు గడి వాకిట్లో, తాతగారు లెమ్మనేదాకా, వీపులు ఇలాగే వంగి ఉండేవి. అప్పుడూ ఎవరూ దగ్గేవారు కాదు. తెల్ల అంగీలో వంగి ఉన్నది ఎల్లయ్యే అనిపించింది. ఎల్లయ్య చనిపోయి ఐదేళ్లు.

వంగినవాడే తల ఎత్తకుండా మెల్లగా అన్నాడు:

“ఫికర్ జెయ్యకు దొరా. ఎంతసేపన్న ఉంట. మా బాపు నేర్పిండు.”

వంగాను. నలభై మంది ఒక్కసారే ఊపిరి వదిలారు. ఆట నిమిషం సాగలేదు. రాజం నన్ను ఎత్తి వెల్లకిలా వేశాడు. లేచి, చివరి మొక్కు నేనే ముందు మొక్కాను.

బస క్లబ్బు గదిలోనే, ఉచితం. వెళ్లేవారు దుప్పటి తీసుకెళ్లాలి. తెల్లవారి ఏడింటి బండికి తిరిగొచ్చాను. పెద్దపల్లిలో బస్సు దగ్గర మా ఊరి ముసలాయన ఒకడు గుర్తుపట్టి, పాత అలవాటుగా “బాంచెన్ దొరా” అంటూ వంగాడు.

నా నడుము నన్నడగకుండానే వంగింది.

“ఏం పడ్డది కింద? జల్ది ఎక్కుండ్రి!” కండక్టరు అరిచాడు.

ఎవరం ముందు లేవాలో మా ఇద్దరికీ తెలియలేదు.