లెక్కలోకి రాని సాంచె

పగ పెట్టుకోవడం మంచిది కాదంటారు. అలా అనేవాళ్ళను చూసి క్లాసంతా ఎన్నడూ నవ్వి ఉండదు. నన్ను చూసి నవ్వింది. భివండిలో, బి.ఎ. ఆఖరి సంవత్సరం, ఆర్థిక భూగోళం క్లాసులో. నవ్వించింది మా సారు.

పరిశ్రమ ఒక ఊళ్ళోనే ఎందుకు వెలుస్తుందన్నది ఆనాటి పాఠం. ముడిసరుకు, కరెంటు, ముంబై రేవు, చవక కూలి అని సారు బోర్డు మీద రాసి, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. అడగకపోతే నేను నోరు తెరిచేదాన్ని కాదు. మా శాంతి నగర్ గల్లీకి సాంచెలు రేవును చూసి రాలేదు సార్ అన్నాను. సాంచె అంటే మా వాళ్ళ మాటలో మరమగ్గం. మా మేనమామ కరీంనగర్ దిక్కు నుంచి ముందు వచ్చాడు, తన బావను, అంటే మా బాపును పిలిచాడు. బాపు తన తమ్ముళ్ళను పిలిచాడు. గల్లీ అట్లా నిండింది, అదే చెప్పాను.

సారు సుద్దముక్క కింద పెట్టాడు. "సోయరీక్" అన్నాడు. మరాఠీలో చుట్టరికం అని. "రాసుకోండి, అయిదో కారణం సోయరీక్. ఇకనుంచి పెళ్ళిచూపులకు పోయిన చోటల్లా ఫ్యాక్టరీ పెడదాం." క్లాసు గొల్లుమంది. ఆ రోజు నుంచి కాలేజీలో నా పేరు సోయరీక్. కడుపు మండిపోయింది. ఈయన తల దించుకోగా చూడకుండా ఈ చదువు వదలనని అనుకున్నాను.

ఆయనే నాకు ఇంకో కారణం కూడా ఇచ్చాడు. ప్రాక్టికల్ కోసం ఒక్కొక్కరం ఒక గల్లీ తిరిగి, ఇంటింటి సాంచెలు లెక్కపెట్టి, పటం గీసి రికార్డు పుస్తకంలో, మా కాలేజీ మాటలో జర్నల్లో, పెట్టాలి. నేను మా గల్లీనే తీసుకున్నాను. అదే గల్లీని అంతకుముందు సారు కూడా తిరిగాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గడప దాటకుండా, ఎన్ని అని అడిగి రాసుకుని పోయాడు. ఆ పటం ఆయన పేరుతో డిపార్ట్‌మెంట్ గోడ మీద వేలాడుతుండేది. మా వాళ్ళవి పదకొండు ఇళ్ళు. పదకొండింట్లోనూ ఆయన లెక్క కంటే నా లెక్కలో ఒకటి ఎక్కువ.

"ఇంట్లో కూర్చుని నింపింది. ఇంటికొకటి కలిపింది" అని ఎర్ర సిరాతో రాసి, సంతకం చేయకుండా జర్నల్ నా ముందుకు విసిరాడు. సంతకం లేకపోతే ప్రాక్టికల్‌కు కూర్చోనివ్వరు. మా బాపు ముందే చెప్పాడు, పరీక్ష పోతే చదువు బంద్, అవ్వ పక్కన, అంటే మా అమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టుడే.

అసలు సంగతి ఇది. ఇల్లు నిలబెట్టిన మొదటి సాంచెను మా వాళ్ళు లెక్కలో చెప్పరు. అది ఇంటి సాంచె. దసరా నాడు మొదటి బొట్టు దానికే. ఎన్ని సాంచెలని అడిగితే దాన్ని విడిచి మిగతావి చెబుతారు, నోటితో చెబితే దిష్టి. వినేవాళ్ళు మనసులో ఒకటి కలుపుకుంటారు. నేను పుట్టినప్పటి నుంచీ కలుపుకుంటూనే ఉన్నాను. సారుకు ఇదంతా చెప్పాను. దిష్టి డేటా కాదన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ప్రాక్టికల్‌కు ముందురోజు, శుక్రవారం, బయటి నుంచి వచ్చే పరీక్షకురాలికి తన పటంలోని గల్లీ చూపిస్తానని సారు వారం ముందే క్లాసులో చెప్పాడు. నాకు అదే కావాలి. మా ఇంట్లో సాంచెలు ఆరు, సారు పటంలో అయిదు.

"బాపూ, సారడిగితే ఆరని చెప్పు" అన్నాను.

"గట్ల నోటితోని చెప్పద్దు బిడ్డా. గిన్నేండ్ల సంది చెప్పలే."

"నా పరీక్ష పోతది."

"వాళ్ళకు కండ్లు లేవా? ఎంచుకోమను."

నాకు అంతే చాలు. సారు వేలు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ వచ్చి ఆరో సాంచె దగ్గర ఆగుతుంది. ఆ వేలును తలుచుకుంటూ వారమంతా కడుపునిండా తిన్నాను.

శుక్రవారం భివండిలో కరెంటు సెలవు. దుమ్మూ చప్పుడూ ఉండవని సారే ఆ రోజు పెట్టుకున్నాడు. క్లాసంతా వెనకే వచ్చింది. నేను మా గడపలో నిలబడి, జర్నల్ తిన్నగా పరీక్షకు వచ్చిన మేడమ్ చేతిలో పెట్టాను. ఆమె చదివి, లోపలికి వచ్చి, లెక్కపెట్టి, ఆరున్నాయే అంది.

సారు కన్నార్పలేదు. "ఒకటి బంద్ పడింది మేడమ్. నడిచేవే లెక్క. యజమానినే అడగండి."

కరెంటు లేదు. ఏది నడుస్తుందో ఏది చెడిపోయిందో చూసి చెప్పేవాళ్ళెవరు? ఇది నేను ఆలోచించనే లేదు. ఎన్ని నడుస్తాయని సారు హిందీలో బాపునడిగాడు, "సేఠ్, కిత్‌నే చల్తే హై?"

బాపు అలవాటు కొద్దీ "పాంచ్" అన్నాడు.

సారు నా వైపు తిరిగి నవ్వాడు. వెనక ఎవరో సోయరీక్ అన్నారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. బాపుకు ఆ మాట వెనక కథ తెలియదు. నా మొహం చూశాడు.

మెల్లగా నడిచి గడప పక్కనున్న సాంచె దగ్గరికి పోయాడు. దాన్ని ముట్టుకుని చేతిని కళ్ళకద్దుకున్నాడు. "ఛె" అన్నాడు, హిందీలో ఆరని. "యే భీ చల్తా హై సాబ్. ఘర్ కా హై, గిన్‌తే నహీ." ఇదీ నడుస్తుంది, ఇంటిది, లెక్కపెట్టమని. కండెల దగ్గర కూర్చున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడమ్ సారును ఒకటే అడిగింది, "మీరు లోపలికి వచ్చి చూశారా?" ఆమె తన పెన్నే ఇచ్చింది. సారు మా బట్ట తాను మీద జర్నల్ పెట్టి, తల దించి సంతకం చేశాడు. చూశాను, తనివితీరా చూశాను. మర్నాడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మేడమ్ కారణాలడిగితే, మొదటిది సోయరీక్ అని గట్టిగా చెప్పాను. వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. నవ్విన నాపచేనే పండింది. తర్వాత గోడ మీది పటం తీసేశారు. మిగిలిన మేకును చూడ్డానికే రెండుసార్లు పోయాను.

బాపు మాత్రం ఆ తర్వాత ఎవరడిగినా ఆరనే చెప్పాడు. ఎందుకట్ల చెబుతున్నావని అవ్వ ఏడిస్తే, "ఒకపారి నోట్లకెల్లి వచ్చినంక ఇంకేం దాస్తమే" అన్నాడు. ఆ మాటకు నేను సారును ఇప్పటికీ క్షమించలేదు. ఆ గల్లీకి ఆయన్ను రప్పించుకున్నది నేనే, బాపు నోరు తెరిచింది నా కోసమే. అయినా తప్పు సారుదే అంటాను.