మా ఇంటికి పిల్లనియ్యనన్న టీచరమ్మ

మా అత్తమ్మ కొట్లాటకు బయలుదేరిందంటే ముందు చీర మారుస్తుంది. ఆ రోజు బీరువాలోంచి నీలం పట్టంచు చీర తీయడం చూడగానే నాకు సంగతి అర్థమైంది. పోతున్నది మలక్‌పేటకు. కొట్లాడబోయేది ఒక రిటైరైన టీచరమ్మతో. గొడవ ఒక కుక్కపిల్ల గురించి. వింత ఏమిటంటే, కుక్కపిల్ల మా ఇంట్లో అడుగుపెట్టడానికి వీల్లేదని అంతకు ముందు రోజు దాకా ఇల్లెగిరిపోయేలా అరిచింది కూడా ఆమే.

కుక్క కావాలన్నది నేను. శాలిబండలో మాది పాల ఇల్లు. కింద కొట్టంలో బర్రెలు, మీద మేము: నేను, మా ఆయన, అత్తమ్మ. పగలు నేను ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను. అక్కడికి ఒక పెద్దాయన తన రిట్రీవర్‌ను వెంటబెట్టుకొని వచ్చేవాడు. ఆయన లోపల కళ్లు పరీక్ష చేయించుకునేంత సేపూ ఆ బంగారు రంగు కుక్క నా దగ్గరికొచ్చి, మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చునేది. మొరగదు, ఏమీ అడగదు. వచ్చినవాళ్లతో పొద్దంతా వాదించి వాదించి నా తల వాచిపోయి ఉండేది. అది అలా కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది. ఇలాంటిది నాకొకటి కావాలనుకున్నాను. పెళ్లయ్యాక ఆ ఇంట్లో అచ్చంగా నాకోసమని నేను అడిగిన మొదటి కోరిక అది. మా ఆయనకు చెప్తే, "నన్ను మధ్యల పెట్టకు, అమ్మనడుగు" అని పాల క్యాన్లు బండికి కట్టుకొని మాయమయ్యాడు.

అడిగాను.

"పాల ఇంట్ల కుక్కనా? దిమాగ్ ఖరాబైందా నీకు?" అంది అత్తమ్మ. "ఒక్క బొచ్చు పాలల్ల పడ్డదనుకో, గల్లీల మన ఇజ్జత్ ఉంటదా? అది ఇంట్లకొస్తే నేను కిషన్‌బాగ్ పోత, మా తమ్మునింటికి."

"బర్రెలకు బొచ్చు లేదా?"

"బర్రె పాలిస్తది. నీ కుక్క ఏమిస్తది?"

"నా లెక్క నీకు ఎదురు మాట్లాడది. గది చాలదా?" అన్నాను.

ఆ పూట ఇద్దరం అన్నం కూడా వేర్వేరుగా తిన్నాం. అయినా నేను ఊరుకుంటానా? దుకాణంలో నాతో పనిచేసే ఆమె మలక్‌పేట టీచరమ్మ సంగతి చెప్పింది. టీచరమ్మది పెద్ద వ్యాపారమేమీ కాదు. ఇంట్లో ఒక రిట్రీవర్‌ను పెంచుకుంటుంది, అది పిల్లలు పెట్టినప్పుడు తనకు నచ్చిన ఇళ్లకే అమ్ముతుంది. సాయంత్రం పాలు పోసే వేళ చేతులు ఖాళీ లేక, ఫోన్ స్పీకర్లో పెట్టి ఆమెతో మాట్లాడాను. ఇల్లెక్కడ, పగలు ఇంట్లో ఎవరుంటారు అని ఆమె అడుగుతూ పోయింది. నేను ఏదీ దాచలేదు. బర్రెల కొట్టం అనగానే ఆమె గొంతు మారిపోయింది.

"వద్దులేమ్మా. ఇంతకుముందు కొట్టమున్న ఇంటికే ఒకటిస్తే, బర్రెల పక్కన గొలుసేసి కట్టేసిన్రు. మళ్ల నేనే పోయి తెచ్చుకున్న. మీ ఇంటికి మాత్రం నేను పిల్లనియ్య." ఫోన్ పెట్టేసింది.

అత్తమ్మ చేతిలో పాలు కొలిచే గిన్నె గాలిలోనే ఆగిపోయింది. పాలకొచ్చిన వాళ్లందరూ విన్నారు.

"ఏమన్నదామె?"

"కుక్కపిల్లనియ్యదంట," అన్నాను. నా ఏడుపు నాది.

"కుక్క సంగతి నాకెందుకు! మన ఇంటికి పిల్లనియ్య అన్నదా, లేదా?"

మా వాళ్లలో ఒక ఇంటిని అనరాని మాట ఏదైనా ఉందంటే అదే. పిసినారులంటే నవ్వేస్తారు, పాలల్లో నీళ్లు పోస్తారన్నా నాలుగు తిట్టి వదిలేస్తారు. కానీ "ఆ ఇంటికి పిల్లనియ్యం" అన్నారంటే, ఆ గడపలోకి వచ్చిన ఆడపిల్ల సుఖపడదని తేల్చేసినట్టు. అత్తమ్మా, ఆమె అన్నది కుక్కపిల్ల గురించే అని నేను ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు.

"ఏ పిల్లైతే ఏంది? మన ఇల్లు చూసిందా ఆమె? రేపు పోదాం నడువ్!"

అదీ చీర కథ. కొట్లాటకైనా సరే, ఒకరింటికి ఒట్టి చేతులతో పోగూడదని కొత్తగా ఈనిన బర్రె జున్ను కూడా టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది.

మలక్‌పేటలో టీచరమ్మ తలుపు తీయగానే తల్లి కుక్క తిన్నగా జున్ను డబ్బా మీదికే వచ్చింది. అత్తమ్మకు కుక్కలంటే అంత భయమని నాకు అప్పుడే తెలిసింది. "అవ్వో!" అని ఒక్క గంతులో సోఫా ఎక్కి, కాళ్లు పైకి ముడుచుకొని, డబ్బాను గుండెలకు హత్తుకుంది. గది మూలన చాప మీద పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ వదిలి ఎలా పోవాలో నాకు అర్థం కాలేదు.

టీచరమ్మ నవ్వలేదు. "కుక్కంటె గింత భయమున్నోళ్లు ఎట్ల పెంచుతరమ్మా?"

"భయం నాది. పెంచేది ఇది," అని అత్తమ్మ నన్ను చూపించింది.

"కట్టేస్తరు గదా?"

"కట్టేసుడు బర్రెలకే. కుక్కపిల్ల పాల దిక్కు రాకుండ మీద మా తోటే ఉంటది."

నేను అత్తమ్మ మొహంలోకి చూశాను. ఈ ఏర్పాటు ఎప్పుడు చేసిందో నాకు తెలియదు!

"ఇప్పుడు అందరు గట్లనే అంటరు," అంది టీచరమ్మ. "రేపు అది చెప్పులు కొరికి లొల్లి చేస్తే అప్పుడు? మీ మాట నేనెట్ల నమ్మాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నమ్మకుంటె నమ్మకుండ్రి! మేమేమన్న దొంగలమా?" అని లేచి నిలబడ్డాను. చేజేతులా అంతా పాడు చేస్తున్నానని తెలుస్తూనే ఉంది, అయినా నోరు ఆగలేదు. అత్తమ్మ నా రెక్క పట్టి కూర్చోబెట్టింది.

"చూసినవా టీచరమ్మా? ఇది మా కోడలు. మా ఇంటికొచ్చి ఆరేండ్లు. పొద్దుగాల లేస్తే నాతోటి కొట్లాటే. కూరల ఉప్పు కాడ కొట్లాడ్తది, టీవీ కాడ కొట్లాడ్తది. నేనొకటంటే ఇది నాలుగంటది. కట్టేసి పెట్టిన ఇంట్ల నోరు గిట్ల లేస్తదా ఎవరికన్న? నన్ను నమ్మకు, దీన్ని చూసి చెప్పు. మా ఇంటికొచ్చిన పిల్ల బెదురుకుంట బత్కదు."

ఆరేళ్లుగా ఆమె నా నోటిని తిట్టని రోజు లేదు. గల్లీలో చెప్పుకొని తల కొట్టుకోవడం నేను నా చెవులారా విన్నాను. అదే నోటిని, పరాయి ఇంట్లో సోఫా మీద కాళ్లు ముడుచుకొని కూర్చొని, తన ఇంటి గొప్పగా చూపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"నిజమేనామ్మా?" అని టీచరమ్మ నన్ను అడిగింది.

"నిజమే," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "గని ఉప్పు ఎక్కువేసేది ఆమెనే."

"అగో, మళ్ల షురూ!" అంది అత్తమ్మ.

టీచరమ్మ అప్పుడు నవ్వింది చూడండి, చాప మీద పిల్లలన్నీ ఉలిక్కిపడి లేచాయి. ఆమె చాప దగ్గరికి పోయి, ఆ గుంపులోంచి ఒకదాన్ని తీసి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అప్పుడప్పుడు ఇంటికొచ్చి చూస్త. గొలుసు కనపడ్డదంటె తీస్కపోత."

"రా తల్లీ, రోజు రా. చాయ్ పోస్త," అని అత్తమ్మ జున్ను డబ్బా ఆమె చేతికిచ్చింది. కొత్తిమీర కట్ట కొసరు లేకుండా కూరగాయల బండి వదలని మనిషి, ఆ రోజు టీచరమ్మ చెప్పిన ధరకు బేరమే ఆడలేదు.

బయటికి రాగానే నేను గట్టిగా ఒక కేక పెట్టాను. సందులో పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ. గెలిచాం!

ఆటోలో దబీర్‌పురా దగ్గర ఒక గుంత తగిలింది. ఆటో ఎగిరింది, కుక్కపిల్ల నా ఒళ్లోంచి జారి అత్తమ్మ ఒళ్లో పడింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకొని బిగుసుకుపోయింది. అది మాత్రం కళ్లైనా తెరవకుండా, ఆమె కుచ్చిళ్లలో ముక్కు దూర్చి మళ్లీ నిద్రపోయింది. కాసేపటికి ఆమె ఒక వేలితో దాని తల ముట్టుకుంది. ఆ తర్వాత అరచేయి వేసింది. "భాయ్, జర ఆహిస్తా! బచ్చా సోరా!" అని, పిల్ల నిద్ర చెడకుండా మెల్లగా పొమ్మని డ్రైవర్ మీద అరిచింది.

"ఇగ ఇటియ్యి," అని చేతులు చాచాను.

"నిద్ర పోయింది, లేపకు."

"అది నా కుక్క అత్తమ్మా."

"అడిగి తెచ్చిందెవరు?"

"మొదలు కావాలన్నదెవరు?"

నాదని నేను, ఇంటిదని ఆమె, శాలిబండ దాకా గొంతులు చించుకొని వచ్చాం. జన్మలో అంత సంతోషంగా నేనెప్పుడూ కొట్లాడలేదు.