లోపల అడుగుతున్నా, ఉండండి!

ఏ పని చేయాలన్నా ముందు లోపల అడగాల్సిందే, అదీ మా బావ అలవాటు. చెప్పులు కొనాలన్నా, రోడ్డు దాటాలన్నా, ఆఖరికి రెండో కప్పు టీ తాగాలన్నా సరే, ఒక వేలు పైకెత్తి, "ఉండండి, లోపల అడుగుతున్నా" అనేవాడు. ఆపైన కళ్లు మూసుకుని "వాహెగురు... వాహెగురు..." అంటూ నిలబడిపోయేవాడు. ఈలోగా పక్కనున్నవాళ్ల ప్రాణాలు గిలగిల్లాడేవి.

బావ లిఫ్టు మెకానిక్కు. ఆయనకు ఈ పని నేర్పిన సిక్కు పెద్దాయనే ఆ మంత్రమూ నేర్పాడు.

"మంత్రం జవాబు చెబుతుందా బావా?" అని అడిగానొకసారి.

"జవాబు ఎప్పుడూ ఉంటుందిరా. మన బుర్రలో గోలకి వినపడదు. ఆ నామం తలుచుకుంటే గోల తగ్గుతుంది, అంతే."

"ఈయన గోల తగ్గేసరికి బస్సు వెళ్లిపోతుంది. అప్పుడు నా గోల మొదలవుతుంది" అంది వంటింట్లోంచి మా అక్క.

ఒకరోజు మా ఆఫీసు లిఫ్టు రెండో అంతస్తు దాటి ఠక్కున ఆగిపోయింది. లైటు ఆరిపోయింది. లోపల నేనూ, ఆ రోజే ఉద్యోగంలో చేరడానికొచ్చిన టెలిఫోన్ ఆపరేటరమ్మాయీ. నాకు ముచ్చెమటలు పోశాయి. ఆ అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తోంది.

పై అంతస్తులో ఆఫీసంతా తలుపు ముందు పోగైంది. ఎవరో బావకు ఫోన్ చేశారు. కాసేపటికి తలుపు బయట ఆయన గొంతు వినపడగానే పోయిన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్లీ పోయింది.

"ఉండండి, లోపల అడుగుతున్నా."

"బావా! లోపలున్నది నేనే! నన్నడుగు!" అని అరిచాను.

పైనుంచి "వాహెగురు..." మాత్రం వినపడుతోంది. ఏం చేయాలో తోచక నేనూ అందుకున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి కూడా గొంతు కలిపింది. మెల్లగా వెక్కిళ్లు తగ్గాయి.

"ఈ అవతారంలో అందరి ముందుకీ ఎలా వెళ్లనండీ?" అంది నాతో, గొంతు తగ్గించి. కాటుక చెంపలదాకా కారినట్టుంది.

పైన జనం గోలలో ఆ మాట ఒక్క బావకే వినపడింది. "కింద తలుపు చూసొస్తా" అని వాళ్లతో చెప్పి మెట్లు దిగాడు. పైన మిషను గదిలో ఉన్న ఆయన తోటి మెకానిక్కు చక్రం తిప్పాడు. లిఫ్టు రెండో అంతస్తుకు దిగింది. అక్కడ పాత కుర్చీలూ బల్లలూ తప్ప మనిషన్నవాడు లేడు.

"ఆ మూల కుళాయి ఉందమ్మా. తీరిగ్గా ముఖం కడుక్కో" అన్నాడు బావ.

నేనూ బయటికి అడుగు వేయబోయాను. ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు.

"నువ్వుండు."

"నేనా? మళ్లీనా?"

తలుపు మూసుకుంది. లిఫ్టు కాస్త పైకి లేచి, మళ్లీ మధ్యలో ఆగింది. పైన, జనం మధ్య మళ్లీ ఆయన పాత పాట: "ఉండండి, లోపల అడుగుతున్నా."

"ఇదేం చోద్యమయ్యా! మనిషి లోపల చచ్చేట్టున్నాడు!" అని మేనేజరు గుండెలు బాదుకుంటున్నాడు. ఆ మాటతో నిజంగానే చచ్చేట్టయ్యాను.

చివరికి లిఫ్టు పైకి లేచింది, తలుపు తెరుచుకుంది. ఆఫీసంతా నన్నే చూస్తోంది. చెదిరిన జుట్టూ, తడిసిన చొక్కానూ! ఈలోగా మెట్లెక్కి వచ్చి ఆ గుంపులో కలిసిపోయిన ఆ అమ్మాయి, చక్కగా తల దువ్వుకుని, ముందుకొచ్చి మంచినీళ్ల గ్లాసు అందించింది.

"బాగా భయపడ్డారాండీ?"

బావ మీద మేనేజరు విరుచుకుపడ్డాడు. బావ తల వంచుకుని అన్నీ పడ్డాడు, ఆ అమ్మాయి ఊసు మాత్రం ఎత్తలేదు.

ఇంటికి వెళుతూ అడిగాను: "రెండోసారి నిజంగా జపం చేశావా, లేక నటించావా?"

"మొదట నటించానురా" అన్నాడు బావ. "ఆ మేనేజరు కేకలకి గుండె దడ పుట్టి, తర్వాత నిజంగానే చేశాను."