పెనాల సైటులో మరిచిన ఒక్క పంక్తి

2021 చలికాలం. నిజామాబాద్ బస్టాండు వెనక ఒక ఇరుకు గదిలో వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చేవాణ్ణి. బోధన్ రషీద్ భాయ్ సైటు గురించి ఈ పనిలోకి వచ్చే కొత్తవాళ్లకు చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. అది ఇక్కడ రాస్తున్నాను.

రషీద్ భాయ్ చెరుకురసం కాచే ఇనుప పెనాలు చేస్తాడు. సైటు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. బిడ్డ సమీనా పట్టుబట్టింది. ఫొటోలు ఆమే తీసింది, రాత కూడా ఆమెదే: "అడుగు మందం, రసం మాడదు. అంచు మడిచినం, చెయ్యి కోసుకపోదు."

"ఒక్క సీజన్ చూస్త. గిరాకీ రాకుంటే బంద్ చేస్త" అన్నాడాయన.

సైటు తయారయ్యేదాకా గూగుల్ కంట పడకుండా ప్రతి పేజీ కోడ్‌లో ఒక పంక్తి పెడతాం. అందులో రెండు మాటలుంటాయి. నోఇండెక్స్ అంటే, వెతికేవాళ్లకు ఈ పేజీ చూపించొద్దని. నోఫాలో అంటే, ఇక్కడి లింకులు పట్టుకుని ముందుకు పోవద్దని. సైటు తెరిచే రోజు ఆ పంక్తి తీసెయ్యాలి. తెరమీద కనిపించే నమూనా బొమ్మలన్నీ తీశాను. కనిపించని పంక్తిని మరిచాను.

గానుగలు మొదలై నెల దాటినా ఒక్క ఫోన్ రాలేదు. సమీనా అడిగితే, కోడ్ చూడకుండానే జవాబిచ్చాను. "గూగుల్‌కు టైం పడ్తదమ్మా. నీ రాత గూడ ఊరి ముచ్చట లెక్కుంది. జర పుస్తకంల రాసినట్టు రాయి."

పక్కనే వింటున్న తండ్రి నవ్వాడు. "నేను చెప్పలేదా బేటా? నీ ముచ్చట్లు సూసి పెనం ఎవడు కొంటడు?"

ఆమె రెండుసార్లు తిరగరాసింది. మందం అడుగూ మడిచిన అంచూ పోయి "నాణ్యమైన ఉత్పత్తులు" వచ్చాయి. ఆ తర్వాత ఒకరోజు ఫోన్ చేసింది.

"భయ్యా, గూగుల్ల మా కార్ఖానా పేరు కొట్టినా మేం వస్తలేం. అది గూడ నా రాత తప్పేనా?"

అప్పుడు కోడ్ తెరిచాను. పంక్తి అక్కడే ఉంది. తీసేసి, సైటును మళ్లీ చూడమని గూగుల్‌కు విన్నపం పంపాను. కొన్నాళ్లకు కోటగిరి రైతు ఒకాయన ఫోన్ చేశాడు. తర్వాత ఇంకొందరు. సైటు బంద్ కాకుండా నిలిచింది.

"ఏం చేసినవ్ భయ్యా?" అని సమీనా అడిగింది.

"నేనేం చేసిన? నీ కొత్త రాత పనిచేసింది" అన్నాను.

రషీద్ భాయ్ సంతోషపడి బెల్లం పంపాడు. ఊరూరా నా పేరు చెప్పాడు. ఈ రోజు నాకు చేతినిండా పని ఉందంటే ఆ తండ్రీబిడ్డల చలవే. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ముందు నా కోడ్ చూసుకుంటాను, ఆ తర్వాతే వాళ్ల పని గురించి నోరు విప్పుతాను.

మొన్న కొత్త పేజీ కోసం బోధన్ వెళ్లాను. సమీనా రాసింది చూశాను. అన్నీ చప్పటి మాటలే.

"మొదట రాసినట్టు ఎందుకు రాయలే?"

"నాకు రాయరాదని అప్పుడే తేలింది గద భయ్యా" అని నవ్వింది.

రషీద్ భాయ్ చాయ్ పోస్తున్నాడు. నేను గ్లాసు అందుకోలేదు.

"రషీద్ భాయ్, మీరూ వినుండ్రి. సమీనా, నీ మొదటి రాతల ఏ తప్పూ లేకుండె. సైటును గూగుల్‌కు కనవడకుండ దాచిపెట్టింది నేను. మరిచిపోయి దాచిన, తెలిసినంక గూడ తప్పు నీ మీదనే పెట్టిన. మాఫ్ చెయ్యి తల్లీ."